తెల్లవారుజాము నీళ్లు

జూలై ఎనిమిదో తారీకు. ఆ రాత్రి మేం తిన్నవి కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, మామయ్య చేసిన టమాటా సూప్. సూప్‌లో ఉప్పు లేదు. ఆ మాట ముందు ఎవరంటారా అని ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ సగం గిన్నె ఖాళీ చేశాం. సరిగ్గా అప్పుడే కిటికీ రేకు మీద మొదటి చినుకు టప్పుమంది.

"వచ్చేసింది!" అంటూ మామయ్య చెంచా పక్కన పడేసి వరండాలోకి పరుగెత్తారు. డెబ్బై దాటిన మనిషి. చేతులు రెండూ బయటికి చాపి, చొక్కా తడిసిపోతున్నా లోపలికి రాలేదు.

నెలల తరబడి చుక్క పడలేదు. ఊరికి నీళ్లిచ్చే రిజర్వాయరు అడుగంటి, ఒడ్డున పగుళ్లలో అరచెయ్యి పట్టేంత సందులు తేలాయి. అలాంటి నేల మీద, సీజనంతా పడాల్సిన వాన ఆ ఒక్క రాత్రే కురిసింది. పొద్దున లేచేసరికి మా వీధి కాలువ పొలాల మీది ఎర్రమట్టిని ఈడ్చుకుపోతోంది.

"ఇంక చెరువు మెట్ల దాకా వచ్చేస్తాయి నీళ్లు. అల్లుడూ, నా తువ్వాలెక్కడ?" అన్నారు మామయ్య, కాఫీ కూడా తాగకుండా.

మామయ్య అంటే మా ఆవిడ తండ్రి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు స్కూల్లో ఈత మాస్టారు. ఊళ్లో నడివయసు వాళ్లలో సగం మందికి నీళ్లంటే భయం పోగొట్టింది ఆయనే. మా ఆవిడ పోయాక, నాకు తోడుగా నాలుగు రోజులుంటానని సంచీతో వచ్చారు. ఆ నాలుగు రోజులు మూడేళ్లయ్యాయి. మా ఇద్దరినీ కలిపిన మనిషి లేదు. వరస మిగిలింది గానీ, కారణం మిగల్లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఎత్తేది చిన్నీ. మా ఆవిడ చెల్లెలు. పక్క నగరంలో ఉంటుంది. ఆదివారం ఫోన్ చేసిందంటే మొదటి మాట అదే.

"నాన్నా, ఇంకా ఎన్నాళ్లుంటావు అక్కడ? బావ మొహమాటానికి ఏమీ అనడు. మనకైనా ఉండాలిగా?"

"మీ ఊళ్లో చెరువుందా?" అనేవారు ఈయన. రిజర్వాయరుని ఆయన చెరువనే అంటారు.

"పూల్ ఉంది నాన్నా, మా అపార్ట్‌మెంట్ కిందే. వేడినీళ్లు కూడా."

"వేడినీళ్లలో వెయ్యడానికి నేనేమన్నా బంగాళాదుంపనా?"

ఒకసారి మాట మీద మాట పెరిగి, "సరేనే, ఈ చెరువులో దిగగలిగినన్నాళ్లు ఇక్కడ. దిగలేని రోజు నీ దగ్గరికే. సరేనా?" అనేశారు. ఆయన నవ్వులాటకి అన్నది చిన్నీ ఒప్పందం కింద దాచుకుంది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న నేనూ విన్నాను.

నా ఉద్యోగం ఆ రిజర్వాయరుతోనే. మున్సిపాలిటీ నీటి పరీక్షల ల్యాబ్‌లో కెమిస్టుని. వారానికోసారి పడవాయనా నేనూ వెళ్లి, నీళ్లు తోడే టవరు దగ్గర కొన్ని సీసాలు, జనం ఈతకి దిగే మెట్ల దగ్గర కొన్ని నింపుకొస్తాం. ఆఫీసు తెరిచి, తాళాలు తీసి, సీసాలు కడిగి, పడవాయన టీ తాగి, ఆయన మోకాళ్ల నొప్పి గురించి నేను విని, మెట్ల దగ్గరికి చేరేసరికి పదకొండవుతుంది. నేను చేరకముందు నుంచీ అదే పద్ధతి. ఎందుకు పదకొండని ఎవరూ అడగలేదు.

వాన వెలిసిన వారం దాకా నీళ్లు కాఫీరంగులో ఉన్నాయి. బురద దిగింది. ఇక ఎండ మొదలైంది. మళ్లీ చినుకు లేదు, రాత్రిళ్లు ఆకు కదిలే గాలి లేదు. రిజర్వాయరు పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెలా వేడెక్కుతూ కూర్చుంది. మైక్రోస్కోపులో అవి కనబడటం మొదలైంది అప్పుడే. నీలి ఆకుపచ్చ నాచు. చిన్న చిన్న పూసల గుత్తుల్లా, నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంటాయి. ఎక్కువైతే నీళ్లలో విషం కలుపుతాయి. చర్మానికి, కడుపుకి, మరీ ఎక్కువైతే కాలేయానికి చేటు.

లెక్క చూశాను. ఈతకి పెట్టుకున్న హద్దుకి కిందనే ఉంది. పై వారం కూడా కిందనే. కెమిస్టుకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ సంతోషమే వేసింది నాకు. మెట్ల దగ్గర నోటీసు బోర్డులో 'ఈతకు అనుకూలం' అన్న కాగితం అంటించి, ఆ సాయంత్రం బేకరీలో మామయ్యకి ఇష్టమైన అల్లం బిస్కెట్లు కొనుక్కుని ఇంటికెళ్లాను.

ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఫ్యాను కింద కూడా చెమటలు కారుతున్న రోజులవి.

"చలిగా ఉందా మామయ్యా?"

"స్టయిలు" అన్నారు.

మర్నాడు పైవాటా నర్సమ్మ మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్ర కళ్లతోనే గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, మాస్టారు నా దగ్గర దురద మందు తీసుకెళ్లారు. మీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు వేశాక చెప్పడం బాగోదు కదా, నేను చెప్పను. ఆయన చొక్కా చేతులు మడిచి మీరే చూసుకోండి."

లోపలికి వెళ్లాను. మామయ్య రొట్టెకి వెన్న రాస్తున్నారు.

"చెయ్యి చూపించండి."

"జాతకం చెబుతావా ఏంటి?"

"మామయ్యా."

చూపించారు. మోచేతుల నుంచి భుజాల దాకా ఎర్రగా దద్దుర్లు. మెడ మీద కూడా. కడుపెలా ఉందంటే "కొంచెం" అన్నారు. ఆ కొంచెం అన్నప్పుడు ఆయన ముఖం చూస్తే, రెండు రోజులుగా రాత్రిళ్లు బాత్రూము లైటు ఎందుకు వెలుగుతోందో అర్థమైంది.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు పోలీసువా? నీళ్లు బాగున్నాయని నువ్వే కదయ్యా కాగితం అంటించావు. అల్లుడు రాశాడని దిగాను."

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. "మీరు దిగేటప్పుడు నీళ్లెలా ఉంటాయి?"

ఆయన కత్తితో వెన్న సరిచేశారు. అప్పటికే సరిగ్గానే ఉంది.

"పచ్చగా. పైన మీగడ కట్టినట్టుంటుంది. చేత్తో పక్కకి తోసుకుని దిగుతాను. ఎండెక్కి గాలి కదిలితే అదే పోతుందిగా."

ఎండెక్కి గాలి కదిలాక. అంటే పదకొండింటికి. ఆ నాచుకి ఒంట్లో గాలి బుడగలుంటాయి. కదలిక లేని రాత్రి అదంతా పైకి తేలి చాపలా పరుచుకుంటుంది. పొద్దెక్కాక, ఏ కాస్త గాలి వీచినా చెదిరి నీళ్లలో కలిసిపోతుంది. ఇవన్నీ నేను చదువుకున్నవే. ఈతకొచ్చేవాళ్లు తెల్లవారుజామున వస్తారు, మేం ఆఫీసు వేళకి వెళ్తాం. మేం కొలుస్తున్న నీళ్లలో ఎవరూ ఈదడం లేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మూసేస్తావు."

"మూసేస్తే?"

ఆయన రొట్టె రెండోవైపు తిప్పి, అటు కూడా వెన్న రాయడం మొదలుపెట్టారు. "చిన్నీకి మాటిచ్చాగా" అన్నారు చివరికి.

నేను అప్పుడే ఏదో అని ఉండాల్సింది. అనలేదు. ఆయనకి కూతురి దగ్గరికి వెళ్లాలని ఉందేమో, నా మొహం చూసి ఆగుతున్నారేమో, తండ్రిని కూతురికి కాకుండా చెయ్యడానికి నేనెవరిని అనుకున్నాను. మందు తీసి ఆయన వీపుకి రాశాను. చెయ్యి అందని చోట ఇన్నాళ్లూ ఎలా రాసుకున్నారో. ఆ కాసేపు ఆయన చిన్నపిల్లాడిలా తల వంచుకు కూర్చున్నారు. అదీ ఒక అదృష్టమే, ఒకరి వీపుకి మందు రాసే పని ఇంట్లో ఉండటం.

మర్నాడు చీకటి విడకముందే ఇద్దరం మెట్ల దగ్గరికి వెళ్లాం. ఆయన అలవాటుగా తువ్వాలు భుజాన వేసుకున్నారు. దిగకూడదని చెప్పానని గుర్తుచేస్తే, "తువ్వాలు దిగదులే" అన్నారు.

వెలుగు వస్తుంటే నీళ్లు కనబడ్డాయి. ఎవరో డబ్బాల కొద్దీ ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు, మెట్ల నుంచి బారెడు దూరం దాకా చిక్కగా పేరుకుంది. గడ్డి కోసి తడిపి మూటకట్టి వదిలేసిన వాసన. ఒక కొంగ అంచు దాకా వచ్చి, చూసి, అటు తిరిగి వెళ్లిపోయింది.

రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకుని సీసా పట్టుకుని దిగాను.

"అంచున ముంచకు. ఇంకా లోపలికి. నేను మునిగేది అక్కడా?" అన్నారు పై మెట్టు మీంచి.

ఇంకో మెట్టు దిగాను. కాలు జారింది. పడలేదు. ఆయన ఎప్పుడొచ్చారో వెనక నుంచి నా చొక్కా పట్టుకుని ఉన్నారు.

"ఈత మాస్టారి అల్లుడివి. మోకాలి లోతుకే వణుకుతావు. నా కూతురు నీలో ఏం చూసిందో ఇప్పటికీ నాకు తేలలేదు."

"నాకూ తేలలేదు మామయ్యా."

"ఊఁ. నింపు, నింపు. పట్టుకున్నాలే."

పైకొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. సీసాలోని నీళ్లు వెలుగుకి పట్టి చూస్తూ ఆయన అడిగారు. "వాన రావాలనే కదయ్యా అందరం ఎదురుచూసింది. వస్తే ఇలా చేసిందేంటి?"

"వాన చేసింది కాదు. వచ్చిన తీరు అది. ఇదివరకు సీజనంతా కొంచెం కొంచెంగా పడేది. వాగులు పారుతూ ఉండేవి, చెరువు నిండుతూ పొర్లుతూ ఉండేది, పాత నీళ్లు పోయి కొత్త నీళ్లు వచ్చేవి. ఇప్పుడు నెలల తరబడి ఎండ. పొలాల్లో వేసిన ఎరువు వేసినట్టే పైన పడి ఉంది. ఒక్క రాత్రిలో వానొచ్చి దాన్నంతా తుడిచి తెచ్చి ఇందులో పోసింది. ఆ వెంటనే మళ్లీ వేడి, గాలి లేదు, పారకం లేదు. దీనికి కావాల్సింది అదే."

"నెల రోజుల తిండి ఒక పూట పెట్టి, తలుపులేసి, దుప్పటి కప్పినట్టు."

"అంతే."

"నా పెద్దది ఉన్నప్పుడు ఇలా లేదు" అన్నారు. ఆ మాట నీళ్ల గురించే. అయినా ఆయన సీసా నా చేతికిచ్చేసి, భుజాన తువ్వాలు సర్దుకున్నారు.

లెక్క హద్దుకి పైన ఎక్కడో వచ్చింది. ముందు టవరు దగ్గరి నీళ్లు, ఊరికి పంపే నీళ్లు మళ్లీ పరీక్ష చేశాను. అక్కడ లోతు నుంచి తోడుతారు, బాగానే ఉన్నాయి. అయినా జాగ్రత్తకి వడపోతలో బొగ్గు పొడి కలపమని రాశాను. మా ఆఫీసు పెద్దాయన కాగితాలు చూసి, "ఎప్పుడూ లేంది తెల్లారుజామున ఎందుకెళ్లావు?" అన్నారు.

"ఈతకొచ్చేవాళ్లు అప్పుడే వస్తారు సార్."

ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశారు. మళ్లీ పెట్టుకున్నారు. సంతకం చేశారు. ఇన్నేళ్లూ మనకెందుకు తట్టలేదని ఆయన అడగలేదు.

బోర్డు కట్టడానికి నేనే వెళ్లాను. 'విషపు నాచు. నీళ్లలో దిగరాదు. పశువులను, కుక్కలను దించరాదు.' మామయ్య కూడా వచ్చి రెండో వైపు తాడు పట్టుకున్నారు. నేను ముడి వేస్తుంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశారు.

"ఎడమవైపు వాలింది. కాస్త పైకి. ఇంకాస్త. ఆఁ. మూసేదేదో సక్రమంగా మూయాలి."

సాయంత్రం నర్సమ్మ మేడ మెట్ల మీంచే కేకేసింది. "అన్నయ్యగారూ, మరిగిస్తే పోతుందిగా ఆ విషం?"

"పోదమ్మా. నీళ్లు ఆవిరైపోయి అది ఇంకా చిక్కబడుతుంది. కుళాయి నీళ్లకేం భయం లేదు, చెరువు నీళ్లు మాత్రం ముట్టొద్దు."

శనివారం చిన్నీ కారేసుకుని వచ్చేసింది. చెరువు మూసిన సంగతి పేపర్లో చూసిందట. ఒక బుట్ట నిండా పియర్ పళ్లు తెచ్చింది. వచ్చీ రాగానే తండ్రి చేతులు తిప్పి చూసి, "ఇదా నువ్వు ఒంటిని చూసుకునే తీరు?" అని కోప్పడి, ఆ వెంటనే ఆ చేతులకే ముఖం ఆనించుకుంది. ఆయన కోసం గది ఖాళీ చేయించిందట. కిటికీ తూర్పు వైపట. పొద్దున్నే లేస్తాడని తెలుసు కదా.

మామయ్య భోజనమయ్యాక తన గదిలోకి వెళ్లి సంచీ తీశారు. జిప్పు చప్పుడు వంటింట్లోకి వినబడింది. నేను గిన్నెలు కడుగుతున్నాను, చిన్నీ తుడుస్తోంది.

"బావా, నామీద కోపమా?" అంది.

"కోపమెందుకు? మీ నాన్న కదా."

"నాకూ నాన్న కావాలి బావా. అక్క పోయాక నాన్న ఇక్కడికొచ్చేశాడు. మీ ఇద్దరూ ఒకరికొకరు ఉన్నారు. నేనే అక్కడ ఫోన్ పట్టుకుని..." గిన్నె గట్టిగా తుడిచింది. "కానీ ఒకటి అడుగుతాను. నాన్న వెళ్తానంటుంటే ఒక్కసారైనా వద్దన్నావా?"

"నేనెలా అంటాను? ఆయనకి రావాలనుందేమో."

చిన్నీ తుడిచే గుడ్డ పక్కన పెట్టేసింది. "భోజనానికి ముందు ఆ గదిలో కూర్చుని ఆయనేమన్నాడో తెలుసా? 'వాడు పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. మూడేళ్లయింది. ఉండమనని ఇంట్లో చెరువు వంక పెట్టుకుని ఎన్నాళ్లుంటానే' అన్నాడు. తనని తీసుకెళ్లడానికి వచ్చిన నాతో అన్నాడు ఆ మాట. నాకెలా ఉంటుంది చెప్పు?"

చేతులకున్న సబ్బు నురగ అలాగే ఉంది. కుళాయి కట్టేసి, ఆ తడి చేతులతోనే ఆయన గదిలోకి వెళ్లాను. మామయ్య చొక్కాలు మడతపెట్టి సంచీలో సర్దుతున్నారు. ఆయన మడత పెడితే ఏ బట్టయినా ఉండలా అవుతుంది. ఆ ఉండలు చూస్తూ నిలబడ్డాను.

"ఏంటి?" అన్నారు.

"ఉండిపోండి మామయ్యా."

"చెరువు లేదుగా."

"చెరువు కోసం కాదు. నాకోసం ఉండండి. పొద్దున లేచేసరికి ఇంట్లో ఇంకో మనిషి అలికిడి లేకపోతే... నాకు చేతకాదు." నురగ చేతులు చొక్కాకి తుడుచుకున్నాను.

ఆయన చేతిలో ఉన్న చొక్కాని చాలాసేపు మడతపెట్టారు. ఎంత మడిచినా ఉండే అయింది.

"ఇంత చిన్న మాట చెప్పడానికి, చెరువు మొత్తం పచ్చబడాలటయ్యా నీకు?" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ చొక్కాతోనే.

గుమ్మంలో చిన్నీ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. ఆయన ఆమె వంక తిరిగారు.

"నువ్విలా రా. మాటిచ్చాను, కాదనను. కానీ మాట ప్రకారం నేను నీ దగ్గరుండాల్సింది చెరువులో దిగలేనన్నాళ్లు. ఏమయ్యా, ఇది ఎప్పటికి విడుస్తుంది?"

"చలి పట్టి, గాలి మొదలైతే తగ్గుతుంది. మళ్లీ వేసవి పోయి వాన ఎలా వస్తుందో చూడాలి. ఇకమీదట ఏటా రావచ్చు."

"అయితే ఏటా ఈ పచ్చ రోజులు నీ దగ్గర, తెల్ల రోజులు వీడి దగ్గర. సరేనా?"

"నేను కూడా అప్పుడప్పుడు ఇక్కడికొస్తాను" అంది చిన్నీ. "వస్తే పొమ్మంటావా బావా?"

"ఉండమనే అంటాను" అన్నాను. ఇప్పుడు తేలిగ్గానే వచ్చింది.

సంచీలో చొక్కాలు అలాగే ఉంచాం. సోమవారం ఆయన చిన్నీతో వెళ్తారు, చలికాలం రాగానే వచ్చేస్తారు. ఈ మధ్యలో తెల్లవారుజాము సీసాలకి నేనొక్కడినే వెళ్లాలి. ఆ సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది.

"నీ చొక్కా ఎవరు పట్టుకుంటారు?"

"పడవాయన్ని పట్టుకోమంటాను."

"వాడి మోకాళ్లు వాడినే పట్టుకోవు. నడుముకి తాడు కట్టుకుని దిగు. రేపు నేను చూపిస్తాను ఎలా కట్టుకోవాలో. ముడి నీకు రాదు." చెబుతూ చెబుతూనే దిండు సర్దుకుని పడుకున్నారు. ఒంటికి రాసిన మందు వాసన గదంతా ఉంది. కాసేపటికి ఊపిరి నిలకడగా సాగింది. చాలా రోజుల తర్వాత ఆయన గోక్కోకుండా నిద్రపోతున్నారు.

చిన్నీ దుప్పటి కాళ్ల మీదికి లాగింది. లైటు తీసింది. నేను బయటికొచ్చి నిలబడ్డాను. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి తండ్రి వంక చూసింది.

"పొద్దున సీసాలకి నేనూ వస్తాను, లేపు బావా" అని గుసగుసగా అంది. గడియ చప్పుడు కాకుండా పిడి కిందికి నొక్కిపట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.